ఇరుకు ద్వారం ఆదివారం

ఆ ఆదివారానికి పాస్టరమ్మ వేసుకున్న పథకం చాలా మామూలుది. తెల్లవారగానే ముందుగది కర్టెన్లు ఉతికి పెరట్లో ఆరేయాలి. ఆరాధన ముగిసేసరికి అవి ఆరిపోతాయి. మధ్యాహ్నం పెద్దయ్యగారు భోజనానికి వచ్చేలోపు మళ్ళీ తగిలించేస్తే గదికి కళ వస్తుంది. అంతే. సంఘాన్ని తలకిందులు చేసే ఆలోచన అందులో ఏదీ లేదు. ఆ ఆలోచన ఆమె భర్తది.

పెద్దయ్యగారంటే ఆ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పై అధికారి. ఏ పాస్టరు ఎక్కడ ఉండాలో, ఎక్కడికి మారాలో తేల్చేది ఆయనే. పెళ్ళైనప్పటినుంచి పాస్టరమ్మ ఎన్ని ఇళ్ళు మారిందో ఆ కర్టెన్ల అంచులు చూస్తే చాలు. ఒక ఇంట్లో కిటికీలు పొడుగు, ఇంకో ఇంట్లో పొట్టి. అంచు విప్పడం, మడిచి కుట్టడం, మళ్ళీ విప్పడం. ఈ ఇంట్లో మాత్రం ఒక్క కుట్టు వేయకుండానే అతికినట్టు సరిపోయాయి. దాన్ని ఆమె దేవుడి చిత్తంగానే భావించింది. పెద్దయ్యగారి చిత్తం ఏమిటో ఇవాళ తేలాలి.

తేల్చడానికి ఆయనకొక పద్ధతి ఉంది. ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నిలబడి, బయటికి వెళ్ళేవాళ్ళలో ఎవరో ఒకరి చేయి పట్టుకుని, "ఇవాళ ఏం విన్నావు?" అని అడుగుతారు. పోయిన ఊళ్ళో ఆయన చేతికి చిక్కినవాడు నిజాయితీపరుడు. "చాలాసేపు విన్నానండీ," అన్నాడు. నెల తిరక్కుండా వీళ్ళు సామాను సర్దుకున్నారు.

పాస్టరుగారి ప్రసంగాల్లో తప్పులుండవు. చిక్కంతా అక్కడే వచ్చింది. పట్టుకోవడానికి ఎక్కడా ఒక గరుకు లేక, నూనె రాసిన పళ్ళెం మీంచి నీళ్ళు జారినట్టు జారిపోతాయి. పాస్టరమ్మ ప్రతి సోమవారం కూరగాయల కొట్టు దగ్గర కనిపించినవాళ్ళని అడిగి చూసేది.

"నిన్న అయ్యగారు దేని గురించి చెప్పారండీ?"

"అబ్బ, ఎంత బాగా చెప్పారో అమ్మగారూ!"

"అదే, దేని గురించి?"

"దేవుడి గురించేనండీ."

సంఘానికి గుర్తున్న ఆదివారం ఒక్కటే ఉంది. ఆ రోజు ఎక్కడినుంచో ఒక పిల్లి వచ్చి, ప్రసంగవేదిక ఎక్కి, తెరిచి ఉన్న బైబిలు మీద తీరిగ్గా పడుకుంది. దాని రంగు, తోక మీది మచ్చ, అది ఆవలించిన తీరు అందరికీ గుర్తే. అప్పుడు పాస్టరుగారు ఏం చెబుతున్నారో అడిగితే మాత్రం, పిల్లి అంత బాగా పడుకుందంటే ఏదో మంచి విషయమే అయి ఉంటుందన్నారు.

ఈ బాధ పడలేకే పాస్టరుగారు మొన్నామధ్య పక్క ఊళ్ళో జరిగిన ఒక శిక్షణకి వెళ్ళొచ్చారు. వాక్యాన్ని జనం మరిచిపోకుండా ఎలా చెప్పాలన్నది అక్కడి పాఠం. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగా వెళ్ళిన ఆయన, వచ్చేటప్పుడు అదోరకమైన వెలుగుతో వచ్చారు. ఆ వెలుగు చూసి పాస్టరమ్మకి అప్పుడే అనుమానం వచ్చింది. అది ఊరికే కాదని ఆదివారం పొద్దున తెలిసింది.

"ఏమోయ్, మన ట్రంకుపెట్టె తాళం ఎక్కడుంది?" గడ్డానికి సబ్బు నురగతోనే వంటగది గుమ్మంలోకి వచ్చారు పాస్టరుగారు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తాళం బయటికి తీసేది ఊరు మారేటప్పుడే.

"ఎందుకూ? అప్పుడే ఉత్తర్వు వచ్చేసిందా?"

"ఛ, ఛ. చర్చి తలుపుకి వేద్దామని."

"ఆదివారం పూటా?"

"ఆదివారం కాబట్టే!"

బల్ల దగ్గర టీ తాగుతున్న అత్తగారు గ్లాసు కింద పెట్టారు. "తలుపుకి తాళం వేస్తే జనం ఎలా వస్తార్రా?"

"అదేనమ్మా ఇవాళ్టి ప్రసంగం! జీవానికి వెళ్ళే ద్వారం ఇరుకు. దాన్ని కనుక్కునేవాళ్ళు కొందరే. ఈ మాట నేను చెబితే ఎవరికి గుర్తుంటుంది? అందుకే చెప్పను. పెద్ద తలుపులు మూసేస్తాను. సందులోంచి సామాన్ల గదికి ఒక తలుపుంది చూడు, అదొక్కటే తెరిచి ఉంచుతాను. వెతుక్కుని, కనుక్కుని, ఒక్కొక్కరే ఒదిగి రావాలి. చచ్చేదాకా మరిచిపోరు."

ఆ తలుపు ఉన్నట్టు సంఘంలో అందరికీ తెలుసు. అది తెరుచుకుంటుందని మాత్రం ఎవరికీ తెలియదు.

"నిన్న సాయంత్రం బిజాగరీలకి నూనె పోశాను," అన్నారాయన గర్వంగా. "తెరుచుకుంది. పూర్తిగా కాదు. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత."

"మరి పెద్దయ్యగారు?"

"ఆయనా పక్కకే తిరగాలి."

"పెద్దయ్యగారిని మీరు ఈమధ్య చూశారా?" అంది పాస్టరమ్మ.

పాస్టరుగారు ఆ మాట వినిపించుకోలేదు. కనీసం సంఘపెద్దలకైనా ముందు ఒక ముక్క చెప్పి ఉంచమని ఆమె బతిమాలింది. "చెబితే పోయింది!" అన్నారాయన. "శిక్షణలో మాస్టారు గట్టిగా చెప్పింది అదొక్కటే. చెప్పకండి, చేయించండి. విన్నది మరిచిపోతారు, వెతుక్కున్నది మరిచిపోరు. అమ్మా, నువ్వు కూడా. ఎవరొచ్చి ఏం అడిగినా ఏమీ చెప్పకు."

"నాకెందుకురా? నేనసలు నోరే విప్పను," అన్నారు అత్తగారు.

ఆవిడ అన్నమాట మీద నిలబడే మనిషి. ఆ రోజు జరిగినదానికి సగం కారణం అదే.

చర్చికి సంఘం తాళం వేరే ఉంది కానీ, దాని రెండో తాళంచెవి కోశాధికారి దగ్గర ఉంటుంది. ఆయన వచ్చి ఠక్కున తీసేస్తే ప్రసంగం కాస్తా వీధిలోనే ముగిసిపోతుంది. అందుకే ట్రంకుపెట్టె తాళం. దాన్ని పెద్ద తలుపుల గడియకి బిగించి, భార్యాభర్తలిద్దరూ సందులోంచి తిరిగి, సామాన్ల గదిలోకి ఒదిగి వెళ్ళారు. కాళ్ళు విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి, ఒక రెక్క లేని ఫ్యాను, చీపుర్లు, బూజు పట్టిన పాటల పుస్తకాల కట్టలు. వాటి మధ్యనుంచి ఒక కాలిబాట. పాస్టరమ్మ కొంగు ఒక కుర్చీకి చిక్కుకుంది. విడిపించుకుంటూ, ద్వారబంధం మీద ఒక మేకు బయటికి పొడుచుకొచ్చి ఉండటం గమనించి, దాని సంగతి భర్తతో చెప్పింది. "ఉండనీ," అన్నారాయన. "వాక్యం కొంచెం గుచ్చుకోవాలి."

ఆయన వెళ్ళి ప్రసంగవేదిక వెనక నిలబడ్డారు. ఆరాధన ముందు ఎప్పుడూ చేసేటట్టే ఫోను ఆపేశారు. పాస్టరమ్మ ఫోను ఇంట్లో చార్జింగుకి పెట్టి ఉంది. ఆమె పని, ఇరుకు ద్వారం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ చేతికి పాటల కాగితం ఇవ్వడం. ఎవరూ రాకపోయేసరికి హాల్లోకి వచ్చి ఒక స్టూలెక్కి, ముందుగోడకి ఎత్తుగా ఉన్న అద్దంలోంచి వీధివైపు చూసింది. ఆ అద్దం తెరుచుకోదు. అవతలివాళ్ళ మొహాలు కనిపిస్తాయి, మాటలు వినపడవు. వాళ్ళు ఏమనుకున్నారో ఆమెకు తెలిసింది అంతా అయిపోయాకే.

అందరికంటే ముందు వచ్చింది కోశాధికారి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏ సంగతినైనా చివరిదాకా తేల్చేస్తేగానీ ఊరుకోలేరు. జేబులోంచి తాళంచెవి తీసి పెట్టి చూశారు. పట్టలేదు. తిప్పి పెట్టారు. పట్టలేదు. తాళాన్ని చేత్తో ఎత్తి, కళ్ళజోడు పైకి తోసి, నలుమూలలా పరీక్షించారు. అప్పుడే పాటలక్క వచ్చింది. ఆవిడ పాటల బృందాన్ని నడిపిస్తుంది. పాటలోనైనా మాటలోనైనా ఆవిడది పైశ్రుతి.

"ఇది మన తాళం కాదు," అన్నారు కోశాధికారి.

"అయితే ఎవరిది మాస్టారూ?"

"ఆలోచించు. ఇవాళ ఎవరొస్తున్నారు?"

"పెద్దయ్యగారు."

"తాళం మనది కాదు. వచ్చేది ఆయన. ఇంక తేలనిదేముంది?"

పాటలక్క గుండె మీద చేయి వేసుకుంది. "అయ్యగారిని తీసేశారా!"

"తీసేశారని నేననలేదు. బదిలీ. మనం గొడవ చేస్తామని ముందే తాళం వేయించారు. కావాలంటే అయ్యగారికి ఫోను చేసి చూడు."

ఆవిడ చేసింది. స్విచాఫ్. "చూశావా?" అన్నారు కోశాధికారి, లెక్క సరిపోయినవాడి తృప్తితో.

పాటలక్క అక్కడికక్కడే ఏడవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆవిడ చుట్టూ చేరారు. పాస్టరమ్మ స్టూలు దిగి వేదిక దగ్గరికి పరిగెత్తింది.

"ఏమండీ, పాటలక్క ఏడుస్తోంది!"

పాస్టరుగారి కళ్ళు మెరిశాయి. "నిజంగానా? ఇన్నేళ్ళలో నా ప్రసంగానికి ఎవరూ కంటతడి పెట్టలేదు."

"మీరింకా మొదలుపెట్టలేదు."

"అదే కదా గొప్ప!"

"నేను వెళ్ళి ఒక్క మాట చెప్పి వస్తానండీ. ఎండలో నిలబడ్డారు పాపం."

"నువ్వు వెళ్తే దారి చూపించినట్టే. కనుక్కోనీ. కొంచెం ఓపిక పట్టు."

ఆమె మళ్ళీ స్టూలెక్కింది. ఈలోపు గుంపులోంచి కొందరు విడిపోయి పాస్టరుగారి ఇంటివైపు నడవడం కనిపించింది. ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళు చూసిందేమిటంటే, కర్టెన్లు లేని కిటికీలు. వాటిలోంచి, భోజనానికని సామానంతా గోడవారకి నెట్టేసిన ఖాళీ ముందుగది. కోశాధికారి ఇంక ఎవరికీ ఏమీ వివరించలేదు. వేలెత్తి చూపించారంతే. తలుపు తట్టగానే అత్తగారు వచ్చారు.

"అమ్మా, అయ్యగారు ఏరీ?"

"చెప్పకూడదు నాయనా."

"అమ్మగారు?"

"అదీ చెప్పకూడదు."

"చెప్పొద్దన్నది ఎవరమ్మా?"

అత్తగారు కాసేపు ఆలోచించారు. కొడుకు ఈ ఒక్కదాని గురించి విడిగా ఏమీ అనలేదు. అయినా జాగ్రత్త మంచిదనిపించింది. "అది కూడా చెప్పకూడదేమో," అన్నారు.

"మీరు వెళ్ళలేదేం వాళ్ళతో?" అంది పాటలక్క, ముక్కు తుడుచుకుంటూ.

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలియందేముందే? వాళ్ళిద్దరే పొద్దున్నే వెళ్ళిపోయారు. నాకు అన్నం వండి పెట్టి మరీ వెళ్ళింది నా కోడలు. ఇంతకంటే నన్నేమీ అడక్కండి."

ముసలితల్లిని కూడా వదిలి వెళ్ళాల్సి వచ్చిందన్న వార్త, వాళ్ళు చర్చి దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఇంకాస్త పెరిగింది. రాత్రికి రాత్రే సామాను సర్దించారని ఒకరన్నారు. అమ్మగారు వంట సగంలో వదిలేసి వెళ్ళారని ఇంకొకరు. పెద్దయ్యగారు రాగానే ఆయన్ని నిలదీయాల్సిందేనని అందరూ తీర్మానించారు. అయితే ఎండ నిప్పులు చెరుగుతోంది. నిలదీయడానికి నీడ కావాలి.

చర్చికి ఎదురుగా ఒక సోఫాల షాపు ఉంది. దాని తలుపులు అద్దాలవి. ఏనుగు పట్టేంత వెడల్పు. ఆదివారాలు అమ్మకాలు బాగుంటాయని షాపాయన ఆ తలుపులు బార్లా తెరిచి, లోపల ఫ్యాన్లన్నీ వేసి కూర్చుంటాడు. ఇంతమంది ఒక్కసారిగా తన షాపువైపు చూడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"రండి, రండి! లోపలికి రండి! కూర్చుని చూడండి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీయకండి, కవరు మీదే కూర్చోండి!"

అద్దంలోంచి ఇది చూసి పాస్టరమ్మ మళ్ళీ వేదిక దగ్గరికి పరిగెత్తింది. "ఏమండీ, సంఘం అంతా సోఫాల షాపులోకి వెళ్తోంది!"

"వెడల్పు ద్వారం!" పాస్టరుగారు ఆనందంతో వేదిక మీద చరిచారు. "చూశావా మనుషులు ఎటు వెళ్తారో? అచ్చం వాక్యంలో చెప్పినట్టే! ఇది నేను అనుకోనేలేదు సుమా."

"ఇంక వాళ్ళు రారండీ."

"ఒక్కరైనా వస్తారు. ఒక్కరు చాలు."

ఆ ఒక్కరు వచ్చారు. సామాన్ల గదిలో ముందు ఒక మూలుగు, తర్వాత బట్ట చిరిగిన చప్పుడు, ఆ వెనకే కుర్చీలన్నీ దబదబా కూలిన మోత. పాస్టరమ్మ పరిగెత్తుకెళ్ళింది. ఇరుకు ద్వారంలో సగం లోపల, సగం బయట పెద్దయ్యగారు ఉన్నారు. ఏ ఊరు వెళ్ళినా చర్చిని మొదట వెనకవైపునుంచి చూడటం ఆయన అలవాటు. ముందువైపు అందరూ ఊడుస్తారు, సంఘం సంగతి తెలిసేది వెనక సందులోనే అంటారు.

"పక్కకి తిరగండి అయ్యగారూ. ఇంకొంచెం. ఆ గొడుగు నాకివ్వండి. ఊపిరి వదిలేయండి... ఆ, వచ్చేశారు."

ఏం చేయాలో తోచక, వచ్చిన ఆయన చేతిలో ఒక పాటల కాగితం పెట్టింది. ఆయన చిరిగిన కోటు చేతిని ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసుకుని, హాల్లోకి నడిచారు. బెంచీలన్నీ ఖాళీ. ఎదురుగా వేదిక మీద పాస్టరుగారు, ఒక్కరే, చేతులు చాచి.

"సంఘం ఏదీ?" అన్నారు పెద్దయ్యగారు.

పాస్టరుగారి చేతులు మెల్లగా కిందికి దిగాయి. ముందురోజునుంచి వల్లె వేసుకున్న ప్రసంగంలో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. "జీవానికి వెళ్ళే ద్వారం ఇరుకు కదండీ... కనుక్కునేవాళ్ళు కొందరే... అది చెప్పకుండా, చేయించి చూపిద్దామని..."

పెద్దయ్యగారు ఒక బెంచీ మీద కూలబడి, మేకు గుచ్చుకున్న మోచేతిని రుద్దుకుంటూ ఆ ఖాళీ హాలునే చూస్తూ ఉండిపోయారు. అది చూసి పాస్టరమ్మ మనసులోనే సామాను సర్దడం మొదలుపెట్టింది. గాజు సామాను చీరల మధ్య పెట్టాలి, అత్తగారి మందులు పైన ఉండాలి, ఈసారి కిటికీలు ఏ కొలతలో ఏమో.

"ఈ వాక్యం మీద నేనే ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు," అన్నారు పెద్దయ్యగారు చివరికి. "ఒక్కసారి కూడా ఇలా తగల్లేదు. అద్భుతం!"

"అయ్యా?" అన్నారు పాస్టరుగారు.

"అద్భుతమయ్యా! నేను ఒక్కణ్ణి లోపల, జనమంతా బయట. ఇంక చచ్చినా మరిచిపోగలనా? నీ గురించి ఎన్నాళ్ళనుంచో తప్పుగా అనుకున్నాను."

పాస్టరమ్మకి కళ్ళు తిరిగినంత హాయి కలిగింది. గాజు సామాను తిరిగి అలమారలో సర్దేసింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"ఇలాంటి మనిషిని ఒక్క సంఘానికి కట్టేసి ఉంచడం పాపం," అని ఆయన కొనసాగించారు. "ఊరికి మూడు నెలల చొప్పున పంపిస్తాను. ప్రతిచోటా అక్కడి పాస్టర్లకి నేర్పాలి నువ్వు."

"మరి ఇల్లు, అయ్యగారూ?" అంది పాస్టరమ్మ.

"ఇల్లెందుకమ్మా ఇంక? ఎక్కడికక్కడ అతిథి గది ఉంటుంది. అన్నీ వాళ్ళే అమరుస్తారు. నువ్వు ఒక్క కర్టెను కూడా మోయక్కర్లేదు."

పాస్టరుగారి మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అద్భుతమని అనలేదు. భార్య మొహంవైపు ఆయన చూడలేదు. చూసినా, ఆ వెలుగులో ఏమీ కనపడి ఉండేది కాదు.

"పద, ముందు నీ సంఘాన్ని చూద్దాం," అని లేచారు పెద్దయ్యగారు. పెద్ద తలుపుల తాళం బయటివైపు ఉంది కాబట్టి, మళ్ళీ వచ్చిన దారినే వెళ్ళాలి. ఈసారి కోటు రెండో చేయి చిరిగింది.

సోఫాల షాపులో కోశాధికారి అప్పటికే అందరికీ పాఠం చెప్పి సిద్ధంగా ఉంచారు. పెద్దయ్యగారి మనసు కరిగేది ఒక్కదానికేనని ఆయన తేల్చారు. ప్రసంగం గుర్తుండాలి. కాబట్టి అయ్యగారి ప్రసంగాలు అందరికీ కంఠతా వచ్చని గట్టిగా చెప్పాలి. గుమ్మంలో ముగ్గురూ కనిపించేసరికి సంఘమంతా ఒక్కసారి లేచి నిలబడింది. ప్లాస్టిక్ కవర్లన్నీ చర్రున అంటుకుని ఊడాయి.

"అయ్యగారూ! అమ్మగారూ! ఇంకా ఊళ్ళోనే ఉన్నారా!" అని పాటలక్క పరిగెత్తుకొచ్చి పాస్టరమ్మని పట్టుకుని భోరుమంది. ఆ వెక్కిళ్ళ మధ్యనే తాళం సంగతి, కర్టెన్ల సంగతి, అత్తగారి సంగతి ముక్కలు ముక్కలుగా పాస్టరమ్మ చెవిన పడ్డాయి.

కోశాధికారి గొంతు సవరించుకున్నారు. "పెద్దయ్యగారూ, మర్యాద మీరి మాట్లాడుతున్నాననుకోకండి. మా అయ్యగారిని మేము వదలం. ఆయన ప్రసంగాలు ఒక్కొక్కటీ మా గుండెల్లో చెక్కుకుపోయాయి."

"అలాగా!" పెద్దయ్యగారి మొహం విప్పారింది. "అందుకే కదా తీసుకెళ్తున్నాను."

ఈ జవాబు కోశాధికారి లెక్కలో లేదు. ఇంకొంచెం ఎక్కువ చెబితే దారికొస్తారేమోనని ఆయన వెనక్కి తిరిగి సైగ చేశారు.

"నిద్రలో లేపి అడిగినా చెబుతామండీ!" అంది పాటలక్క.

"మా ఇంట్లో భోజనాల దగ్గర అవే మాట్లాడుకుంటామండీ!" అన్నాడు వాళ్ళలో ఉన్న ఊరి దర్జీ.

"ఒక్క మాట మరిచిపోతే ఒట్టండీ!"

"భేష్!" అన్నారు పెద్దయ్యగారు. "నెలాఖరుకే బయల్దేరదీస్తాను."

"సంఘానికి కుర్చీలేనా సార్?" అని షాపాయన మధ్యలో దూరాడు. "ఇంతమందికి కాబట్టి రేటు చూసి వేస్తాను."

వాళ్ళు పొగిడినకొద్దీ అతిథి గదులు ఒక్కొక్కటే దగ్గరికి వస్తున్నట్టు పాస్టరమ్మకి అనిపించింది. అందరూ ఆమె మేలు కోరే ఆమె ఇంటిని కూలుస్తున్నారు. వాళ్ళని ఆపడానికి ఒక్కటే మార్గం ఉంది. అది చేస్తే పెద్దయ్యగారి పాత పద్ధతి ప్రకారం బదిలీ ఖాయం. కానీ బదిలీ అంటే కనీసం ఒక ఇల్లు, దానికి కిటికీలు. ఊరికి మూడు నెలలకంటే అదే నయం. ఆమె పాటలక్క చేతులు విడిపించుకుని ముందుకొచ్చింది.

"అయ్యగారూ, మీరు ఎప్పుడూ అడిగే ప్రశ్న వీళ్ళని ఇంకా అడగలేదు."

"అడగడమెందుకమ్మా, ఇంత చెబుతుంటే?"

"అడగండి. పోయిన ఆదివారం ఏం విన్నారో అడగండి."

కోశాధికారి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"ప్రేమ గురించి," అన్నాడు దర్జీ.

"కాదు, క్షమాపణ," అంది పాటలక్క.

"విత్తనాలు ఏవో వచ్చాయండీ మధ్యలో."

"పిల్లి వచ్చింది అప్పుడేనా?"

"పిల్లి చాలా ముందు."

"నాకు ఆ రోజు గొంతు బాలేదండీ," అంది పాటలక్క, అదో కారణమైనట్టు.

పెద్దయ్యగారు ఒక్కొక్కరి మొహంలోకీ చూసుకుంటూ వచ్చారు. ఆయన చూపు ఎక్కడ ఆగితే అక్కడ తల వంగిపోయింది. పాస్టరుగారి మొహంలో దీపాలన్నీ ఆరిపోయాయి. ఆయన నేల మీది ఒక సోఫా కాలిని దీక్షగా చూస్తున్నారు. పాస్టరమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది. కానీ మాట బయటికొచ్చేసింది.

"ఒక్క ముక్క గుర్తులేదు," అన్నారు పెద్దయ్యగారు. "అయినా ఈయన్ని వదలం అంటారు. ఏం చూసుకునయ్యా?"

చివరికి దర్జీ నోరు విప్పాడు. "మా అమ్మ పోయినప్పుడు వచ్చారండీ. అందరూ వచ్చి ఏవేవో చెప్పి వెళ్ళారు. ఈయన ఏమీ చెప్పలేదు. నా పక్కన కూర్చున్నారంతే. తెల్లారేదాకా."

"మా ఆయన ఆపరేషన్‌కీ అంతే," అంది పాటలక్క, మామూలు శ్రుతికి దిగి. "వరండాలో ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. ఎంత ధైర్యంగా ఉండిందో!"

"నా పెన్షన్ ఆఫీసుకి నాతో తిరిగారు," అన్నారు కోశాధికారి. "దారి పొడుగునా నేనే మాట్లాడాను."

పెద్దయ్యగారు ఒక సోఫాలో కూర్చున్నారు. ప్లాస్టిక్ కవరు పెద్దగా నిట్టూర్చింది. "ప్రసంగం గుర్తులేని సంఘాల్ని చూశాను," అన్నారు. "పాస్టరు వద్దన్న సంఘాల్నీ చూశాను. ప్రసంగం గుర్తులేకుండా పాస్టరు కావాలన్న సంఘాన్ని ఇదే చూడటం. ఉంచుకోండి. ఊరూరా నేర్పడానికి ఇంకెవరినైనా వెతుక్కుంటాను."

ఈసారి సంఘమంతా సోఫాల్లో కూలబడేసరికి, ఆ కవర్ల చప్పుడులో ఆయన తర్వాత అన్నదేమిటో వినపడలేదు. భోజనం గురించని పాస్టరమ్మ మాత్రం కనిపెట్టింది. షాపాయన, ఏమీ అమ్ముడుపోలేదని అర్థమై, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాడు.

ఇంటికి వెళ్ళే దారిలో పెద్దయ్యగారిని, ఆయన రెండు చిరిగిన చేతుల్నీ కోశాధికారికి అప్పగించి, పాస్టరుగారు భార్య పక్కకి వచ్చి నడిచారు.

"నలుగురిలో అంత మాట అడిగేశావేం?"

"చెప్పకండి, చేయించండి అన్నారుగా మీ శిక్షణ మాస్టారు."

ఆయన నడక నెమ్మదించింది. "మూడు నెలలకో ఊరంటే నీకు కష్టమే కదూ," అన్నారు తర్వాత. "నాకు తట్టలేదు సుమా."

"ఇప్పుడు తట్టిందిగా."

గుమ్మంలో అత్తగారు ఎదురొచ్చారు. "ఒక్క ముక్క చెప్పలేదు నాయనా! ఎన్ని విధాల అడిగారనుకున్నావు? నేను నోరు మెదిపితేనా!"

మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దయ్యగారు మళ్ళీ మళ్ళీ మోచేయి తడుముకుంటూ ఆ ఇరుకు తలుపు గురించే మాట్లాడారు. సాయంత్రానికి అసలు సంగతి ఇంటింటికీ తెలిసింది. తాళం ఎవరు వేశారో, ఎందుకు వేశారో, ద్వారం ఎందుకు ఇరుకైనదో, దాన్ని కనుక్కునేవాళ్ళు ఎందుకు కొందరో జనం ఒకరికొకరు విడమరిచి చెప్పుకున్నారు. సోమవారం కూరగాయల కొట్టువాడు కూడా పాస్టరమ్మకి దాని అర్థం వివరించాడు. అతను ఏ సంఘానికీ చెందినవాడు కాదు.

ఆ ప్రసంగాన్ని పాస్టరుగారు ఇంతవరకూ చేయలేదు. సంఘంలో ప్రతివాళ్ళకీ గుర్తున్నది మాత్రం అదొక్కటే.